అల్లుడి పాత తుపాకీ, నా కోటు జేబు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటాను. లెక్చరరుగా రిటైరై ఎనిమిదేళ్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పాఠాలతో పాటు కాలేజీ ఎన్‌సీసీ కూడా నా నెత్తినే ఉండేది, పదిహేనేళ్లకు పైగా పిల్లల చేత రైఫిల్ పట్టించాను. తుపాకీ గురించి నాలుగు మాటలు రాయడానికి నాకున్న అర్హత అంతే. వేటగాణ్ని కాదు, మాజీ సైనికుణ్ని కాదు, ఇంట్లో తుపాకీ లేదు, కావాలన్న కోరికా లేదు.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, అమెరికాలో ఉన్న మా అల్లుడు ఒక పాత రైఫిల్ పట్టుకుని దిగిన ఫొటో ఒకటి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. పెట్టింది నేనే, తప్పు నాదే. ఆ ఫొటోకి వచ్చిన ప్రశ్నలకు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పలేక నోరు నొప్పి పుట్టింది. చంద్రగిరి నుంచి ఒక బావమరిది "అదేం బావా, ఏకే 47నా?" అన్నాడు. ఇంకొకాయన "ఎంత పడింది, వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకోకపోయినావా, పందులు చెరకు మొత్తం నాశనం చేస్తా ఉండాయి" అన్నాడు. మా చిన్నమ్మ మాత్రం "పిల్లోడున్న ఇంట్లో అదేం పని నాయనా" అని ఒక్క మాట అని ఊరుకుంది. అన్నిటికంటే సరైన ప్రశ్న ఆమెదే, దానికి జవాబు చెప్పడం కష్టం కూడా. అందరికీ కలిపి మీ పేపరు ద్వారా చెప్పేస్తే ఒక పనైపోతుంది. దీని వెనకాల ఒక తూటా కథ కూడా ఉంది, దాని దగ్గరికి కూడా వస్తాను.

మా అల్లుడు మా అక్క కొడుకే. పుత్తూరులో మా కళ్లముందు పెరిగినవాడు కాబట్టి మా ఇద్దరి మధ్య మామా అల్లుళ్ల బిగింపు ఏమీ లేదు. ఒహాయోలో ఉంటాడు, అక్కడి పౌరసత్వం వచ్చి కొన్నేళ్లయింది. వాడి దగ్గరున్నది ఎం1 గారండ్ అనే రైఫిల్. 1936లో అమెరికా సైన్యం తీసుకున్నది, రెండో ప్రపంచ యుద్ధమంతా, ఆ తర్వాత కొరియా యుద్ధమంతా వాళ్ల సైనికుల భుజం మీద ఉన్నది. మొత్తం 50 లక్షలకు పైనే తయారయ్యాయి. బరువు నాలుగు కిలోల పైచిలుకు. అంటే ఒక మోస్తరు గుమ్మడికాయను బారు కట్టెకు కట్టి భుజాన పెట్టుకుని కదలకుండా నిలబడటం లాంటిది.

ఇది సెమీ ఆటోమేటిక్. ఈ మాట వినగానే మనవాళ్లకు సినిమాలో హీరో ఆపకుండా కాల్చే సీను గుర్తొస్తుంది. అది కాదు. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒక్క తూటానే పోతుంది, వదిలి మళ్లీ నొక్కితేనే రెండోది. మేము క్యాడెట్లుగా ఉన్నప్పుడు కాల్చిన పాత .303 రైఫిల్లో ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే ఇనుప గడియ) ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి, ఆలోగా గురి చెదిరిపోతుంది. గారండ్‌లో ఆ చాకిరీ మందు కాలిన గ్యాసే చేసిపెడుతుంది. గొట్టం మూతి దగ్గర అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి కొంత గ్యాసు దిగి ఒక పొడుగాటి కడ్డీని వెనక్కి తంతుంది, కడ్డీ బోల్టును లాగుతుంది, ఖాళీ గుల్ల ఎగిరి అవతల పడుతుంది, స్ప్రింగు మళ్లీ ముందుకు తోస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. అంతా రెప్పపాటులో. చెయ్యి ట్రిగ్గరు మీద నుంచి తియ్యక్కర్లేదు, చెంప తుపాకీ కర్ర మీద నుంచి లేపక్కర్లేదు.

దీన్ని కనిపెట్టిన జాన్ గారండ్ కెనడాలోని క్యుబెక్‌లో పుట్టాడు, అమెరికా ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో జీతానికి పనిచేశాడు. ఏళ్ల తరబడి గీసి, చెరిపి, మళ్లీ గీసి చేసిన ఈ డిజైను మీద హక్కులన్నీ ప్రభుత్వానికే రాసిచ్చేశాడు, తుపాకీకి ఇంత అని ఒక్క పైసా రాయల్టీ పుచ్చుకోలేదు. ఆయనకు లక్ష డాలర్లు ఇవ్వాలని వాళ్ల పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు గానీ అది పాస్ కాలేదు. మా రిటైర్డు ఉద్యోగుల సంఘంలో ఈ ముక్క చెబితే, డీఏ బకాయిల కోసం ఎదురుచూస్తున్న ఒకాయన "ఏ దేశమైనా గవర్నమెంటు గవర్నమెంటే సార్" అన్నాడు.

సరే, వాడికిది ఎలా వచ్చింది? అక్కడ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అని ఒక సంస్థ ఉంది. పౌరులకు గురి నేర్పాలని 1903లో ప్రభుత్వమే మొదలుపెట్టిన ఏర్పాటు అది, 1996 నుంచి ప్రభుత్వం బయట నడుస్తోంది. సైన్యం పక్కన పెట్టిన ఈ పాత రైఫిళ్లను వాళ్లు పౌరులకు అమ్ముతారు. ఒకప్పుడు గ్రీసుకో ఫిలిప్పీన్స్‌కో ఇచ్చి తిరిగి తెప్పించుకున్నవి కూడా వాటిలో ఉంటాయి. అమెరికా పౌరుడై ఉండాలి, గుర్తింపున్న షూటింగ్ క్లబ్బులో సభ్యత్వం ఉండాలి, కాల్చిన అనుభవానికి కాగితం చూపాలి, పాత నేరాలేమైనా ఉన్నాయా అన్న తనిఖీ దాటాలి. ఇవన్నీ అయ్యాక పార్సిల్ ఇంటికే వచ్చింది. మనకు ఆవకాయ జాడీ కొరియర్‌లో పంపినట్టు తుపాకీ గుమ్మంలోకి రావడం ఏమిటో ఇప్పటికీ నాకు అరగదు, ఆ దేశం సంగతి ఆ దేశానిది.

మేము దసరాకు ముందే అక్కడికి వెళ్లాం. ఆయుధ పూజ రోజు కారుకి, లాప్‌టాప్‌కి, మిక్సీకి బొట్టు పెట్టిన మా ఆవిడ "దానికి పెట్టకుంటే ఎట్లా, అసలు ఆయుధం అదే కదా" అంది. వాడు "అత్తా, దండం పెడతా, కర్రకు కుంకుమ మరక పడితే పోదు" అని బతిమాలాడు. చివరికి దాన్ని దాచిన ఇనుప బీరువా తలుపుకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కింద పెట్టి రాజీ పడ్డారు.

కర్ర మీద వాడికంత పట్టింపు ఎందుకో ఆ సాయంత్రం చూపించాడు. రైఫిల్ బల్ల మీద పెట్టాడు, నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను (ఎందుకో చెబుతాను). బోల్ట్ వెనక ఇనుము మీద తయారుచేసిన చోటు పేరు, దాని కింద నంబరు. కడ్డీని వెనక్కి లాగి పట్టుకుంటే గొట్టం పక్కన సన్నటి అక్షరాల్లో నెల, సంవత్సరం: 2-44. అంటే ఆ గొట్టం 1944 ఫిబ్రవరిది. కర్ర మీద తనిఖీ అధికారి కొట్టిన ముద్ర, సగం అరిగిపోయి, టార్చిలైటు ఏటవాలుగా కొడితేనే కనబడుతుంది. ఇలాంటివి సైన్యం డిపోల్లో విప్పి బాగుచేసినప్పుడు ఒకదాని సామాను ఇంకొకదానికి బిగించేసేవారు, అందుకని పుట్టినప్పటి భాగాలన్నీ అలాగే ఉన్నవి దొరకడం అరుదు, దొరికితే ధర ఎక్కడికో పోతుందట. వాడి స్నేహితుడొకడు ఇలాంటిదే కొని, కర్ర నల్లగా మురికిగా ఉందని గరుకు కాగితంతో రుద్ది, పైన వార్నిష్ కొట్టాడు. నిగనిగలాడింది. ముద్ర పోయింది, దాంతోపాటు విలువలో సగం పోయింది. పెళ్లికి అమ్మమ్మ ఇచ్చిన కంచు చెంబు మీద పేర్లు పోయేదాకా తోమి, ఎంత మెరుస్తుందో చూడండి అన్నట్టుంది.

ఈ పాతవాటితో ఇంకో తిరకాసు ఉంది. .30-06 (దీని తూటా కొలత పేరు) అని రాసుంది కదా అని దుకాణంలో దొరికిన ప్రతిదీ దీంట్లో వెయ్యకూడదు. కొలత సరిపోతుంది, కానీ బరువైన గుండుతో పెద్ద జంతువుల వేటకు చేసిన కొన్ని రకాలు గ్యాసు దిగే ఆ రంధ్రం దగ్గర ఎక్కువ ఒత్తిడి పుట్టించి కడ్డీని వంచేస్తాయి. పాత సైనిక తూటాలు వాడితే ఇంకో బాధ, కొన్నిటి ప్రైమరులో (తూటా వెనక నిప్పు రాజేసే చిన్న మూత) ఉండే ఉప్పు గొట్టంలో మిగిలి తుప్పు పట్టిస్తుంది, వేన్నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. కాల్చేది అరగంట, ఆ తర్వాత కడుగుడు రెండు గంటలు. కడ్డీకి పలచటి నూనె కాదు, గ్రీజు పెట్టాలి. కర్రకు అవిసె నూనె. మా అమ్మాయి "ఇంట్లో ఒక్క గిన్నె తోమడు నాన్నా, దీనికి మాత్రం స్నానం చేయించి నలుగు పెడతాడు" అంది.

ఇక రేంజ్, అంటే గురి సాధన చేసే చోటు. నవంబరులో ఒక శనివారం పొద్దున తీసుకెళ్లాడు. బయలుదేరేటప్పుడే చెప్పాడు: "మామా, నువ్వు ముట్టుకోకూడదు." నేను నవ్వాను. ఎంతమంది పిల్లలకు నేర్పినవాణ్ని! వాడు నవ్వలేదు. అమెరికా చట్టం ప్రకారం విజిటరు వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర పెట్టుకోకూడదు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. ఒక్క నిమిషం పట్టుకుంటే ఎవరు చూస్తారు, పక్కనే నువ్వుంటావు కదా అన్నాను. "చూసినా చూడకపోయినా నువ్వే కదా మామా మాకు చెప్పింది" అన్నాడు. నేను ఎప్పుడు ఏం చెప్పానో గుర్తు లేదు గానీ ఇంక మాట్లాడలేకపోయాను. పసుపు గీత వెనకాల, చెవులకు మఫ్లు పెట్టుకుని, బెంచీ మీద కూర్చున్నాను.

ఎనిమిది తూటాలు ఒక ఇనుప క్లిప్పులో బిగించి ఉంటాయి, క్లిప్పుతో సహా పైనుంచి లోపలికి నొక్కాలి. నొక్కడం పూర్తవగానే బోల్ట్ తనంతట తానే దబ్బున ముందుకొస్తుంది. ఆ లోపు బొటనవేలు తియ్యకపోయారో, తలుపు సందులో పడ్డట్టే. దానికి గారండ్ థంబ్ అని పేరే ఉంది. కుడి చేతి అంచుతో కడ్డీ పిడిని ఆపి పట్టుకుని, బొటనవేలితో క్లిప్పు దించి, చెయ్యి పైకి తీసేయడం ఒక వరస, మా వాడు ఇంట్లో ఖాళీ తుపాకీతో నూరుసార్లు చేశాడట. అయినా గోరు ఒకటి నల్లగా ఉంది, అడిగితే కారు డోరు అన్నాడు.

రేంజ్ అధికారి గట్టిగా పిలిచి చెప్పేదాకా ఎవరూ తుపాకీ ముట్టుకోరు. రేంజ్ కోల్డ్ (కాల్పులు ఆపండి) అనగానే అందరూ బోల్టులు తెరిచి, తూటా కూర్చునే ఛాంబరులో పసుపు రంగు ప్లాస్టిక్ జెండా గుచ్చి, వెనక్కి వచ్చేస్తారు. ఆ జెండా చూస్తే నాకు తుపాకీ ఖాళీ చేసి తనిఖీకి చూపించమనే మా ఎన్‌సీసీ హిందీ ఆజ్ఞలు జాంచ్ శస్త్ర, ఖాలీ కర్ గుర్తొచ్చాయి. భాష వేరు, పని ఒకటే. మొదటి దెబ్బ మఫ్లు దాటుకుని ఛాతీలో తగిలింది. మా ఎన్‌సీసీ .22 రైఫిల్ దీని ముందు దీపావళి కాగితం టపాకాయ. వాడి భుజం ప్రతిసారీ రెండంగుళాలు వెనక్కి పోయి వస్తోంది. ఎనిమిదో తూటాతో పాటు ఖాళీ క్లిప్పు పైకెగిరి టింగ్‌మని మోగింది, గుడిలో చిన్న గంట తాకినట్టు. ఆ చప్పుడు విని శత్రువులు తూటాలు అయిపోయాయని పసిగట్టేవారని ఒక కథ ప్రచారంలో ఉంది, అన్ని తుపాకులు ఒక్కసారే మోగే యుద్ధంలో ఆ టింగ్ ఎవరికి వినబడుతుందయ్యా అని నా అనుమానం.

నిజం చెప్పాలంటే చేతులు దురద పెట్టాయి. బాగుంది. ఎనభై ఏళ్ల యంత్రం, ఎవరో సైనికుడు మోసినది, ఇంకా గడియారంలా పనిచేస్తోంది, పార్సిల్ పెట్టెలోంచి తీసి నూనె పెట్టి బతికించుకున్న నా మేనల్లుడు దాన్ని కాలుస్తున్నాడు. అదే సమయంలో, ఇది దేనికి చేసిన యంత్రమో కూడా తెలుసు కదా, కాగితం టార్గెట్ల కోసం 50 లక్షలు తయారుచేయరు. ఈ రెండూ ఒకేసారి మనసులో ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

నాలుగో క్లిప్పులో ఒక తూటా పేలలేదు. క్లిక్‌మంది, అంతే. వాడు మూతి టార్గెట్టు వైపే ఉంచి, కదలకుండా, మనసులో లెక్కపెట్టుకుంటూ అరనిమిషం ఆగాడు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. ఆ అరనిమిషంలో నాకు పాతికేళ్ల కిందటి ఫైరింగ్ క్యాంపు కళ్లముందు తిరిగింది. మా క్యాడెట్ ఒకడు, బంగారం లాంటి పిల్లవాడు, .22 పేలకపోయేసరికి "సార్, ఇది కాలడం లేదు సార్" అంటూ రైఫిల్‌తో సహా నా వైపు తిరిగాడు. వరసలో పడుకున్న అయిదుగురి తలల మీదుగా ఆ మూతి గీత గీసినట్టు వచ్చి నా పొట్ట దగ్గర ఆగింది. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. నేను అరవలేదు, అరిస్తే ఉలిక్కిపడతాడు. "అట్లే ఉండు నాయనా" అంటూ పక్కకు జరిగి గొట్టం పట్టుకుని నేలవైపు దించాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. తుపాకీ ప్రమాదం చెడ్డవాళ్ల వల్లే జరుగుతుందనుకునేవాళ్లకు ఆ పిల్లవాడి ముఖం చూపించాలనిపిస్తుంది.

మన కుర్రాళ్ల సంగతి ఎత్తడానికి కారణం అదే. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మనవాళ్లు కొందరు ఇందాక చెప్పిన మినహాయింపును పట్టుకుని, వేట లైసెన్సు ఒకటి కొనుక్కుని తుపాకీ కొంటున్నారు. వేటకు పోయేది ఎందరో నాకు అనుమానమే, ఫొటోలు మాత్రం దండిగా వస్తున్నాయి. 2024 నవంబరులో అలా చదువుకుంటున్న మన తెలుగు కుర్రాడొకడు తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడని పేపర్లన్నిటిలో వచ్చింది, మీ దాంట్లో కూడా చదివాను. ఆ తల్లిదండ్రుల గురించి ఏం రాయగలం. బాబూ, లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన చెయ్యి తిరగదు. శుభ్రం చేసేముందు క్లిప్పో మ్యాగజీనో తీసేయడం ఒక్కటే చాలదు, ఛాంబరులో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. బోల్ట్ లాగి, కళ్లతో చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి, ఆ తర్వాత కూడా అందులో తూటా ఉన్నట్టే పట్టుకోవాలి. శుభ్రం చేసే చోటికి తూటాల పెట్టెనే తీసుకురాకూడదు. ఇవి మీకు ఎవరూ చెప్పలేదంటే మీరు ఇంకా కొనే దశకు రాలేదన్న మాట. వీసా మీద ఉన్న పిల్లలు ఆ డబ్బు పెట్టి సెకండ్ హ్యాండ్ కారుకు మంచి టైర్లు వేయించుకుంటే ఎక్కువ సంతోషిస్తాను. చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు.

మా చిన్నమ్మ ప్రశ్నకు వస్తాను. ఆరేళ్ల మనవడున్న ఇల్లు. రైఫిల్ ఉండేది నేలమాళిగలో ఇనుప బీరువాలో, తూటాలు వేరే గదిలో వేరే తాళంలో, రెండూ నంబరు తాళాలే, రెండు నంబర్లూ తెలిసింది వాడికే. మా అమ్మాయికి కూడా ఒక నంబరు తెలుసు, రెండోది తెలియదు. మనవడికి అది దాచిన రహస్యంలా కాకుండా, నాన్న కడుగుతుంటే దూరం నుంచి చూడనిస్తాడు, ముట్టుకుంటే ఏమవుతుందో చెబుతాడు. ఇంతకంటే ఏం చెయ్యాలో నాకు తోచదు. ఇంట్లో లేకపోవడమే మేలు కదా అని మా చిన్నమ్మ అంటే, అవును, మేలే, కాదనను.

పందులున్నాయి, ఒకటి తెమ్మన్న పెద్దమనిషికి: అయ్యా, తేవడం కుదరదు. మన ఆయుధ నియమాల్లో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు వాళ్లకు ఇవ్వని కేటగిరీలో ఉంది, కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్సు దానికి చెల్లదు, అది కేంద్ర హోంశాఖ పరిధి. పొడుగు తుపాకుల్లో మామూలు మనిషికి దొరికేవి డబుల్ బ్యారెల్, .315 బోల్ట్ రైఫిల్, ఇలాంటివే. అదీ 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించకూడదు. పంట కాపాడుకోవడానికి వేరే లైసెన్సు ఉంది, దానికి అప్లై చేసుకోండి. అది వదిలేసి ఊర్లో కమ్మరి దగ్గర చేయించిన నాటు తుపాకీలో తుపాకీ మందు కూరి పందుల కోసం కాపలా కాసేవాళ్లను మన జిల్లాలో పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు. చీకట్లో పంది అనుకుని మనిషిని కాల్చడం కూడా మనం వినని కథ కాదు. ఆ గొట్టం పగిలితే ముందు పోయేది కాల్చినవాడి ముఖమే.

మనకూ పాత తుపాకీలు దాచుకున్నవాళ్లు లేకపోలేదు. చిత్తూరు వైపు పల్లెలో నాకు తెలిసిన ఒక రైతు దగ్గర తాత కాలం నాటి డబుల్ బ్యారెల్ ఉంది. లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు దగ్గరున్నా వారసుడి పేరు మీదకు మార్చుకోవచ్చని 2016 నియమాలు చెబుతున్నాయి కాబట్టి అలా మార్పించుకున్నాడు. ఎన్నికలు ప్రకటించగానే దాన్ని పాత పంచెలో చుట్టి, ఆటోలో పడుకోబెట్టుకుని, స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకుంటాడు. 2024లో మే ఎన్నికల ముందు ఇచ్చింది ఫలితాలయ్యాక తెచ్చుకుని విప్పి చూస్తే గొట్టానికి సన్నగా తుప్పు. బాధపడ్డాడు. తెచ్చిన రోజే కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడట. కాల్చి ఎన్నాళ్లయిందని అడిగితే "కాల్చేదా? మా నాయన పోయినాక ఎవురూ కాల్చలా సార్" అన్నాడు. ఒహాయోలో మా అల్లుడు, ఇక్కడ ఈయన, ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకటే గుడ్డ.

ఇప్పుడు ఆ తూటా. ఉత్తరం పొడుగైందని తెలుసు, ఎక్కడైనా కత్తిరించండి గానీ ఈ ముక్క మాత్రం ఉంచండి, ఏటా మన జిల్లా నుంచి ఎంతమంది అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి వెళ్లొస్తుంటారు.

ఎన్‌సీసీ ఫైరింగ్ అయ్యాక నేను తూటాల లెక్కే కాదు, ఖాళీ గుల్లల లెక్క కూడా సరిపోయేదాకా ఎవర్నీ కదలనిచ్చేవాణ్ని కాదు. ఒక్క గుల్ల తగ్గితే గడ్డిలో మోకాళ్ల మీద వెతికించేవాణ్ని, పిల్లలు తిట్టుకునేవాళ్లు. అలాంటి నేను ఆ రోజు బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. అరనిమిషం ఆగాక వాడు కడ్డీ లాగాడు, పేలని తూటా ఎగిరి గచ్చు మీద పడింది, వంగి తీసుకున్నాడు, వెనక పడ్డ చిన్న సొట్ట చూశాడు, పేలనివాటి కోసం పెట్టిన డబ్బా రేంజ్ చివర్లో ఉంది, తర్వాత వేద్దామని కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. తర్వాత చలి, కాఫీ, కబుర్లు. వాడు మరిచిపోయాడు. నేను చూసి కూడా మరిచిపోయాను.

మార్చి చివర తిరుగు ప్రయాణం. విమానంలో చలిగా ఉంటుంది మామా, ఈ కోటు వేసుకెళ్లు, నాకు బిగువైపోయింది అని ఆ కోటే ఇచ్చాడు. బయలుదేరే ముందు రోజు రాత్రి మా ఆవిడ నా బీపీ మాత్రలు చేతికందేలా ఉండాలని లోపలి జేబులో పెట్టబోయి, "ఏందండీ ఇది, పెన్నా?" అని తీసింది. వేలంత పొడుగు, చల్లగా, పసుపచ్చగా. వెనక సొట్ట. సోఫాలో కూర్చున్న అల్లుడి ముఖం తెల్లగా పాలిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. వాడు లేచి దాన్ని తీసుకుని తూటాల పెట్టెలో పెట్టి, తాళం వేసి, పైకి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "నేనే మామా... నేనే" అంటున్నాడు. మర్నాడే ఆ డబ్బాలో వేసి వచ్చాడని తర్వాత ఫోన్లో చెప్పాడు.

పేలనిదైనా తూటా తూటానే. అక్కడి ఎయిర్‌పోర్టులో దొరికితే విజిటరు వీసా మీదున్న నా దగ్గర తూటా ఉన్నట్టు. అక్కడ తప్పించుకుని చెన్నైలో దొరికితే ఆయుధ చట్టం కింద కేసు. బ్యాగులో ఉన్నట్టు నిజంగా తెలియదని తేలిన కేసుల్ని మన కోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి, కానీ అంతదాకా పోలీస్ స్టేషన్, లాయరు, పాస్‌పోర్టు, టెన్షన్, ఇవన్నీ అరవై ఆరేళ్ల వయసులో నేను పడాలి. ఇంటికొచ్చాక తలనీలాల మొక్కు తీర్చడానికి కొండకు వెళ్తూ అలిపిరి దగ్గర బ్యాగు స్కానింగులో పెట్టినప్పుడు కూడా నా గుండె ఒకసారి జారింది, అందులో పంచె, తువ్వాలు తప్ప ఏమీ లేవని తెలిసి కూడా.

అందుకని అమెరికా వెళ్లొచ్చే పెద్దవాళ్లకు చెప్పేది: పిల్లల కోట్లు, బ్యాగులు అప్పుగా తీసుకుంటే ప్రతి జేబూ తిరగేసి దులపండి, లోపలి జేబు మరిచిపోకండి. మీ అల్లుడు ఎంత జాగ్రత్తపరుడైనా సరే. మావాడి కంటే జాగ్రత్తపరుణ్ని నేను చూడలేదు.

ఆ కోటు అక్కడే వదిలేసి స్వెట్టరుతో బయలుదేరాను. చెన్నైలో దిగి బయటికొచ్చేసరికి ఉక్కపోతకు అదీ విప్పేయాల్సి వచ్చింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
తిరుపతి